నాలుగు కుంచెల కర్ర

ఆ కాలంలో ఫోటోలకు రంగు పుట్టుకతో వచ్చేది కాదు చిన్నీ, మనుషులు కూర్చుని వేయాల్సి వచ్చేది. కెమెరా ముందు పట్టుచీర కట్టుకుని నిలబడ్డా, గోనెపట్టా చుట్టుకుని నిలబడ్డా కాగితం మీద పడేది నలుపూ తెలుపే. దాని మీద చీరకు చీర రంగు, బుగ్గకు బుగ్గ రంగు అద్ది, పోయినవాళ్ళను కూడా నిన్ననే తలంటు పోసుకున్నట్టు చూపించే చేతులు తిరుపతి మొత్తానికి ఒకటో రెండో ఉండేవి. ఆ చేతుల్లో నాదీ ఒకటి కావాలని నాకు ఎంత పిచ్చి ఉండేదో చెబితే ఇప్పుడు నాకే నవ్వొస్తుంది. (టైపు చేస్తున్నావా? ఇంత తొందరగా చెప్పొచ్చా? సరే.)

నిన్న సాయంత్రం నువ్వు కంప్యూటరు ముందు తల పట్టుకుని కూర్చుంటే నేను ఎందుకు నవ్వానని అడిగావు గదా, అది చెబుతాను. నువ్వు చెప్పిందాంట్లో నాకు అర్థమైంది ఇదీ. ఫోటో అంటే లోపలంతా చుక్కలట. చుక్క చుక్కకూ ఎరుపెంత, పచ్చెంత, నీలమెంత అని అంకెలట. మునుపు నీ ప్రోగ్రాము ఒక్కో అంకెనూ విడిగా పట్టుకుని మార్చేదట, అందుకని నత్తలాగా నడిచేదట. ఇప్పుడు నాలుగేసి అంకెలను ఒకే డబ్బాలో పక్కపక్కన కూర్చోబెట్టావు. ఆ డబ్బాను వెక్టర్ అంటారన్నావు. ఒక్క మాట చెబితే నాలుగూ ఒకేసారి మారిపోతాయి, అలాంటి డబ్బాలు ఒకే సమయంలో నాలుగైదు చోట్ల నడుస్తాయి, పని చిటికెలో అయిపోతుంది. అంతా బాగుంది. కానీ వరస చివర మూడే మిగిలితే? నాలుగో చోటు ఖాళీ. ఆ ఖాళీలోకి పక్కనున్నదేదో వచ్చి కూర్చుంది, దాని మీద కూడా రంగు పడింది, ఫోటో అంచు పొడుగునా పచ్చగీత తేలింది. "దొరికింది అవ్వా, తప్పంతా ఆ నాలుగో చోట్లో ఉంది!" అని నువ్వు గంతేశావు. నేను నవ్వాను. ఎందుకంటే ఆ నాలుగో చోటు నాకు బాగా తెలుసు. మీసాల పెళ్ళికొడుకును అందులో కూర్చోబెట్టి, ముక్కుపుడక పెట్టినదాన్ని నేను.

మాది పాకాల. పదో తరగతి అయ్యాక మా నాయన నన్ను తన నూనె అంగట్లో కూర్చోబెట్టాడు. నేను నూనె పోస్తూ డబ్బా మీది బొమ్మలు చూస్తూ ఉంటే నూనె కింద ఒలికి చుట్టుపక్కల చీమలకంతా పండగ అయ్యేది. విసిగిపోయి, తిరుపతిలో రైల్వేస్టేషను ఎదురు సందులో ఫోటో స్టూడియో పెట్టుకున్న మా చిన్నాయన దగ్గరికి పంపాడు. చిన్నాయనంటే మా అమ్మ చెల్లెలి భర్త. పొద్దున్నే ప్యాసింజరు రైల్లో పోవడం, సాయంత్రం రైల్లో రావడం. రైలెక్కించేటప్పుడు నాయన ఒక షరతు పెట్టాడు. "ఉగాది దాకా సూస్తా. మీ చిన్నాయన నోరు తెరిచి పిల్లకి పనొచ్చింది అన్న్యాడా, ఉండు. అన్లేదా, గమ్మున వచ్చి మళ్ళా అంగట్లో కూసో." ఇందులో కష్టమేమంటే, మా చిన్నాయన నోరు తెరవడు. డార్కురూములో ఉండీ ఉండీ, మాట కూడా వెలుతురు తగిలితే చెడిపోతుందేమో అన్నట్టు ఉండేవాడు. ఉగాది దగ్గర పడుతున్నా, నాకు చీపురూ, ఫోటోలు ఆరేసే తీగా, అంచులు కత్తిరించే కత్తెరా తప్ప కుంచె ముట్టుకునే యోగం పట్టలేదు.

కుంచె మీద హక్కంతా రంగుల తాతది. మాకు చుట్టం కాదు, స్టూడియో పుట్టినప్పటినుంచీ ఉన్న ముసలాయన. అందరూ అలాగే పిలిచేవాళ్ళు. కుంచె మొన సన్నబడాలని నాలుకకు ఆనించుకునేవాడు. నోరు తెరిచాడంటే ఆ రోజు ఎవరి చీర ఏ రంగో తెలిసిపోయేది. ఒక్క మొహం ముందు పొద్దున కూర్చుంటే అన్నం వేళకు లేచేవాడు. నేను వెనక నిలబడి చూస్తుంటే, "ఏంమే, నా ఈపు మీద యామన్నా రాసుండాదా? పో, పోయి తీగ తుడువు" అనేవాడు.

అలా ఉండగా ఒక పొద్దున స్టూడియో ముందు బస్సు ఆగింది. పలమనేరు పక్క పల్లె నుంచి ఒక వంశం వంశమంతా కొండకు పోయి మొక్కు తీర్చుకుని, ఆడా మగా అందరూ గుండ్లు చేయించుకుని, గుండ్ల మీద గంధం పూసుకుని దిగారు. సందంతా బత్తాయిలు పోసినట్టయింది. అందరినీ ఒక ఫోటోలో తీస్తానని చిన్నాయన అంటే, వాళ్ళ పెద్దాయన చేతులెత్తి దండం పెట్టాడు. "వొద్దు సామీ. అందురూ వొగే పటంలో ఉంటే, అది ఎవురింట్లో తగిలించాలని మళ్ళా పంచాయితీ. ఎవురి గుండు వాళ్ళకి తియ్." పైగా రంగు కావాలన్నాడు. "గంధం పచ్చంగా అగపడాల. లేదంటే మా ఊరోళ్ళు, పేలు పడి గొరిగించుకున్న్యారంటారు." ఇంకా పైగా, మర్నాడు మధ్యాహ్నం బస్సు కదిలే లోపల చేతికివ్వాలి.

రంగుల తాత పొడుం డబ్బీ మూత పెట్టి నెమ్మదిగా అన్నాడు. "రేపు మద్దేన్నానికి నేను వొగ గుండు ఏస్తా. కడమోళ్ళని ఇంటికి పోయి పటానికి పసుపు రుద్దుకోమను." చిన్నాయన ఏమీ అనలేదు (అంటే ఒప్పుకున్నాడని). పెద్దాయన మొహం వాడిపోయింది. ఆ క్షణంలో నా నోట్లోంచి నాకు తెలియకుండానే వచ్చేసింది: "నేనేస్తా చిన్నాయనా." ముగ్గురూ నా వైపు తిరిగారు. తాత నన్ను కాదు, నా చేతిలో చీపురును చూశాడు. "దాంతోనా?" అన్నాడు.

నిజానికి నా మనసులో ఉన్నది చీపురుకు దగ్గరి చుట్టమే. మా అమ్మ గడప ముందు ముగ్గు అంచు వేసేటప్పుడు రెండు వేళ్ళ సందుల్లోంచి పిండి వదిలేది. చెయ్యి ఒక్కసారే లాగేది, గీతలు మాత్రం జంటగా పడేవి, కొలత పెట్టినట్టు. ఒక చేతికి రెండు గీతలు వచ్చినప్పుడు, ఒక కర్రకు నాలుగు కుంచెలు ఎందుకు రావు? ఈ మనుషులందరూ ఒకటే కుర్చీలో, కెమెరాకు ఒకటే దూరంలో కూర్చుంటారు. అందరివీ గుండ్లే, అందరికీ గంధమే. నాలుగు ఫోటోలు వరసగా పెట్టి, కర్ర ఒక్కసారి లాగితే నాలుగు గుండ్లు పచ్చబడవా? ఇదంతా చెబితే తాత నవ్వుతాడని చెప్పలేదు. చిన్నాయన నన్ను కాసేపు చూసి, పెద్దాయనతో "రేపు రాండి" అన్నాడు. రెండు మాటలు! నా కోసం ఆయన అంత ఖర్చు పెట్టడం అదే మొదటిసారి.

ఆ సాయంత్రం ఇంటికొచ్చి వెదురుబద్ద చీల్చి, నాలుగు కుంచెలను సమాన దూరంలో పూలు కట్టే నారతో బిగించాను. మా నాయన చూసి, "ఏందిమే ఇది, బర్రెలకి దువ్వెనా?" అన్నాడు. మర్నాడు రైల్లో ఒకామె అదే మాట అడిగింది. రంగులో నాలుగు కుంచెలూ ఒకేసారి మునగాలి గదా, దానికి ఇంకో వెదురు ముక్కను నిలువునా చీల్చి తొట్టిలాగా చేశాను. స్టూడియోలో చెడిపోయిన ఫోటోలుండే బుట్ట ముందు పెట్టుకుని చెయ్యి సాధకం చేస్తే, మొదట అన్నీ అవకతవకలే. ఒక కుంచె పొడుగు, ఒకటి పొట్టి. ఒకరికి గుండు మీద పడితే ఇంకొకరికి చెవి మీద, మూడో ఆయనకు గాల్లో. కుంచెలను సమంగా కత్తిరించాను. ఒక చెక్కపలకకు అడ్డంగా దారం కట్టి, అందరి కనుబొమ్మలూ ఆ దారం మీదికి వచ్చేలా ఫోటోలు సర్దాను. అప్పుడు కుదిరింది. తాత తన చోటి నుంచే అరిచాడు, "పాపా, అది మొగం మే, సున్నం గొట్టే గోడ గాదు!" నేను కర్ర మళ్ళీ ముంచాను. బుట్టలో చెడిపోయిన ఫోటోలన్నీ అప్పటికి రంగు పులుముకుని చెత్తకుప్పకు పోయాయి. (ఈ ముక్క గుర్తుపెట్టుకో చిన్నీ, దీనితో పని ఉంది.)

ఇంక చూడు నా దర్జా. మగవాళ్ళందరినీ ఒక కుప్ప, ఆడవాళ్ళందరినీ ఒక కుప్ప చేశాను. కలిపితే చిక్కు, ఆడవాళ్ళకు ముక్కుపుడక ఉంటుంది, మగవాళ్ళకు ఉండదు. నలుగురిని పలక మీద పెట్టడం, కర్ర తొట్టిలో ముంచడం, లాగడం: నాలుగు గుండ్లకు గంధం. మళ్ళీ ముంచి లాగితే నాలుగు బుగ్గలు. మళ్ళీ ముంచి ఆనిస్తే నాలుగు బొట్లు. నాలుగు చీరలు ఆకుపచ్చ. (ఒకామె కట్టుకున్నది నీలమట. ఆమె ఊరుకోలేదు గానీ, పచ్చచీర బాగుందని వాళ్ళాయనే సర్దిచెప్పాడు.) పని చేసేకొద్దీ ఒక సంగతి జరిగింది, అది మాత్రం నాకు ఇప్పటికీ కళ్ళకు కట్టినట్టుంది. మొదట్లో నాకు మొహాలు కనిపించాయి: ఈమెకు నవ్వు ఆగడం లేదు, ఈయన కళ్ళు మూసుకున్నాడు అని. వేగం వచ్చాక మొహాలు పోయాయి. చోట్లు మాత్రమే మిగిలాయి. గుండు చోటు, బుగ్గ చోటు, బొట్టు చోటు.

చివరి వరసకు ముగ్గురు ఆడవాళ్ళే మిగిలారు. నాలుగో కుంచె కింద ఏమీ లేకపోతే రంగు పలక మీద కారి, పక్క ఫోటో అడుగుకు పోతోంది. అక్కడ ఏదో ఒక చెడిపోయిన ఫోటో పెట్టాలి. బుట్ట చూస్తే ఖాళీ. బస్సువాడు అప్పటికే బయట హారను కొడుతున్నాడు. తాత బల్ల చివర ఒక ఫోటో ఉంది. చెడిపోయినవి చిన్నాయన అప్పుడప్పుడూ అక్కడే పడేస్తాడు. తీసి పెట్టాను. కనుబొమ్మలు దారం మీదికి వచ్చాయా అని చూశాను. వచ్చాయి. ఇంక నాకు కావలసింది ఏముంది? లాగాను, ముంచాను, లాగాను.

పలమనేరువాళ్ళు ఎవరి గుండు వాళ్ళు చూసుకుని మురిసిపోయారు. పెద్దాయన తన ఫోటోను ఎండలో పట్టుకుని, "వాసనొక్కటే తక్కువ!" అన్నాడు. బస్సు కదిలింది. నేను నడుము మీద చేతులు పెట్టుకుని, స్టూడియో నాదే అన్నట్టు గడపలో నిలబడ్డాను. సరిగ్గా అప్పుడే చిత్తూరు మండీ అత్త రిక్షా దిగింది.

ఆమెకు చిత్తూరులో బెల్లం మండీ ఉంది, అందుకే అందరికీ మండీ అత్త. బెల్లమమ్మేవాళ్ళ నోరు తియ్యగా ఉంటుందనుకుంటే పొరపాటు. మండీలో హమాలీలంతా ఆమె గొంతుకు భయపడే మూటలెత్తేవాళ్ళట. ఒక్కగానొక్క కొడుక్కి తిరుచానూరులో సంబంధం చూస్తున్నారు. అబ్బాయి ఫోటో మా స్టూడియోలోనే తీయించి, రంగు వేయమని రంగుల తాతకు ఇచ్చి పోయింది. నన్ను వెక్కిరించే సందట్లో తాత దాని మీద ఇంకా కుంచె పెట్టనే లేదు. ఆ మధ్యాహ్నమే తిరుచానూరు పోయి పిల్ల తరపువాళ్ళకు చూపించాలి. "ఎత్తుకోని రా అప్పా, బండి నిలబెట్టుండా" అని కుర్చీలో కూర్చుంది.

చిన్నాయన లోపలికొచ్చి తాత బల్ల మీద చూశాడు, లేదు. బల్ల కింద చూశాడు, లేదు. తీగ మీద ఆరుతున్న ఫోటో ఒకటి కనిపించింది. దగ్గరికి పోయి చూసి, అద్దాలు తీసి తుడుచుకుని మళ్ళీ చూసి, జన్మలో ఎన్నడూ లేనంత పొడుగ్గా మాట్లాడాడు.

"పాపా, ఇట్ల రా. వాళ్ళ బస్సు పొయ్యింది గదా, ఈయమ్మని ఇడిసిపెట్టి పోయినారే. ఎవురీయమ్మ? ఈయమ్మకి మీసం ఉండాదే!"

చూశాను. నలుపు మీద రంగు నిలవదు గనక ఆ అబ్బాయి క్రాపు మాత్రం బతికిపోయింది. నూనె మెరిసే చోట కాస్త గంధం తగిలింది, అంతే. మిగిలినదంతా నా చేతి చలవే. తెల్లచొక్కా ఆకుపచ్చ రవిక అయింది. బుగ్గలు గులాబీలు. నుదుటిన రూపాయంత ఎర్రబొట్టు. ముక్కుకు బంగారు పుడక, దాని కింద దర్జాగా మెలి తిరిగిన మీసం. నా కాళ్ళ కింద నేల పాకాల వైపు జారిపోతున్నట్టయింది. నూనె అంగడి, చీమలు, మా నాయన మొహం, అన్నీ వరసగా కనిపించాయి. నేను ఏడవడానికి నోరు తెరిచేలోపల తాత లేచి వచ్చాడు. ఫోటోను చేతిలోకి తీసుకున్నాడు. ఆయన భుజాలు కదలడం మొదలుపెట్టాయి. తిడతాడనుకున్నాను. కాదు, నవ్వు! నోరు మూసుకుని, కళ్ళలో నీళ్ళు తిరిగేదాకా నవ్వాడు.

"ఏడ్సబాక మే. ఆయమ్మకి ఇనపడతాది. బిన్నా పరిగెత్తి నీళ్ళ పళ్ళెం ఎత్తుకోని రా. ఏమప్పా, నువ్వు పోయి ఆయమ్మకి కాఫీ చెప్పి, మాట్లాడతా ఉండు."

చిన్నాయనను మాట్లాడమనడం! ఆయన నా కోసం చేసిన త్యాగాల్లో అదే పెద్దది. ముందు గదిలోంచి మాకు వినపడుతూనే ఉంది. "బెల్లం... బాగుండాదా?" "బాగుండాది." చాలాసేపు ఏమీ లేదు. "మీ తావ... నల్ల బెల్లం గూడా ఉండాదా?"

లోపల తాత ఫోటోను నీళ్ళలో ముంచాడు. ఆకుపచ్చ కొంచెం కొంచెంగా నీళ్ళలోకి దిగింది, చొక్కా మళ్ళీ తెల్లబడింది. ముక్కుపుడకను తడి దూదితో తీసేశాడు. బుగ్గలు కడిగితే గులాబీలు పోయి ఆరోగ్యం మిగిలింది. బొట్టు మాత్రం కదల్లేదు. ఎంత నానబెట్టినా, ఎంత తుడిచినా నుదుటి మీద ఎర్రగా కూర్చునే ఉంది. "ఎర్రరంగు మొండిది పాపా," అన్నాడు తాత, "మా ఇంటిదాని మాదిరి. వచ్చినాక పోయేది ల్యా." విసనకర్రతో ఫోటోను ఆరబెడుతూ నేను వెక్కుతున్నాను. తాత ఆ బొట్టును తల అటు వంచీ ఇటు వంచీ చూశాడు. కుంచెను నాలుకకు ఆనించుకున్నాడు. బొట్టును పైకి ఒక గీతగా సాగదీశాడు. తెల్లరంగు తీసుకుని దానికి అటొక గీత, ఇటొక గీత. అయిపోయింది. పెళ్ళికొడుకు నుదుటిన చక్కటి తిరునామం!

మండీ అత్త ఫోటో చేతిలోకి తీసుకుంది. కళ్ళ దగ్గరగా పెట్టుకుంది. నేను తలుపు చాటున దేవుళ్ళందరినీ తలుచుకుంటున్నాను. ఆమె చివరికి కొంగుతో కళ్ళు ఒత్తుకుంది. "ఇంట్లో తలకింద్లు తపస్సు జేసినా గంధం చుక్క పెట్టుకోడు సామీ మా వోడు. నేను అట్ల తిరిగేసరికి నామం పెట్టుకోని దిగినాడా! తిరప్తి గాలి సామీ, గాలి!" అంది. మళ్ళీ చూసి, "రవంత కండ గూడా పట్టినాడే!" అంది. మా చిన్నాయన మాటల కోటా అప్పటికే అయిపోవడంతో తల మాత్రం ఊపాడు.

కొన్నాళ్ళకు ఆ పెళ్ళికొడుకే స్వయంగా స్వీట్ల పొట్లంతో స్టూడియోకు వచ్చాడు. సంబంధం కుదిరిందట. పిల్ల తాతగారు ఫోటో చూసి, "నామం పెట్టే పిలగాడు, ఇంకేం అడగొద్దండి" అని తేల్చేశాడట. ఇంత శుభవార్త చెబుతున్నా అతని మొహంలో కళ లేదు. నుదుటిన నామం మాత్రం తళతళలాడుతోంది. "ఆ పటంలో నాకు నామం ఎవురు పెట్టినారు సామీ? ఇప్పుడు నేను దినామూ పెట్టాల. ఆడికి పోతే ముందు నొసలు సూస్తారు, ఆమైనే మొగం సూస్తారు. నీళ్ళు బోసుకునేటప్పుడు గూడా బయమే!" అన్నాడు. తాత పొడుం పీల్చి, నా వైపు గడ్డం చూపించాడు. "ఇదో, ఈ పాప. నాలుగు సేతుల పాప." అతను నాకు దండం పెట్టాలో తిట్టాలో తెలియక, స్వీట్ల పొట్లం నా చేతిలో పెట్టి పోయాడు. ఆ మాట విన్నప్పుడు నాకు ఎలా ఉండిందో చెప్పలేను చిన్నీ. నామం మీద పేరు నాకు రావలసింది కాదు, అది తాతది. అయినా ఆయన ఇచ్చాడు, నేను వద్దనలేదు.

ఉగాదికి ముందు మా నాయన వచ్చాడు. చిన్నాయన ఎదురుగా కూర్చుని, ఆయన నోటి వైపే చూస్తున్నాడు. నేను తీగ తుడుస్తున్నాను, తుడిచిందే తుడుస్తున్నాను. చిన్నాయన గొంతు సవరించుకున్నాడు. "అన్నా, పనైతే వచ్చిండాది. మొగం సూసేది ఇంకా రాలా. అది తాత నేర్పిస్తాడంట." మా నాయన పైకి లేచి, "పోనీలే, మా అంగట్లో చీమలు సన్నబడతాయి" అన్నాడు.

తాత నేర్పించాడు. నాలుగు మొహాల పని దినమంతా చేసినా, సాయంత్రం ఒక్క మొహం ముందు ఒక్క కుంచెతో కూర్చోబెట్టేవాడు. "ఈయన ఎవురు, ఏం తిన్న్యాడు, ఎవురి మీద కోపంగా ఉండాడు, సెప్పు. సెప్పినాక రంగెయ్" అనేవాడు. కర్రను మాత్రం మళ్ళీ ఎప్పుడూ వెక్కిరించలేదు. నాలుగో చోటు కోసం తనే ఒక అట్టముక్క కోసి ఇచ్చాడు, ఖాళీది. వరసలో మనిషి తక్కువైనప్పుడల్లా అదే పెట్టేదాన్ని. ఏళ్ళ తరబడి దాని మీద గంధాలూ, బొట్లూ, బుగ్గలూ, ముక్కుపుడకలూ పడీ పడీ, లేని మొహం ఒకటి దానంతటదే తయారైంది. ఎంత భయంకరంగా ఉండేదంటే, చిన్నాయన దాన్ని స్టూడియో గుమ్మానికి దిష్టిబొమ్మగా కట్టాడు. తర్వాత రంగు ఫిల్ములు వచ్చాయి, మా కుంచెలు మూలబడ్డాయి. తాత పోయాడు. వాళ్ళింట్లో పెట్టుకున్న ఫోటోకు రంగు వేసింది నేనే, ఒక్క కుంచెతో, ఆయన నేర్పినట్టే మొహం చూస్తూ. నాలుక మీద రంగు కూడా వేయనా అని అడిగితే వాళ్ళావిడ ఏడుస్తూనే నవ్వింది.

ఇంతకూ నీ కంప్యూటరులో ఆ నాలుగో చోటును ఏం చేశావు? సున్నా పెట్టావా? మంచి పని చేశావు. సున్నాకు పెళ్ళిసంబంధాలు రావు.

ఆ కర్ర ఇంకా అటక మీదే ఉంది. నిన్న రాత్రి దించి చూశాను, నార తెగిపోయింది. కుంచెలు ఎలకలు కొట్టేశాయి. ఊరికే ఉండలేక నీ వాటర్‌కలర్ కుంచె ఒకటి తీసుకుని, కాగితం మీద ఒక గీత గీద్దామని చూశాను. చెయ్యి వణికింది. నాలుగు గీతలు పడ్డాయి, కర్ర లేకుండానే.